తిరుగుటకు సందు - ఆగుటకు బిగువు

చిత్తూరు జిల్లా నైరుతి కొసన, కుప్పమునకు చేరువలో గుడుపల్లె అను ఊరు ఉన్నది. జోలార్‌పేట నుండి బెంగుళూరునకు మద్రాసు రైల్వే కంపెనీ వేసి 1864లో తెరచిన రైలుమార్గము ఈ ఊరిమీదుగానే పోవుచున్నది. రైలు అంత త్వరగా వచ్చినను, ఆ తరువాత చాలకాలము వరకు ఈ సీమ రైతు రాగులను, వేరుసెనగను, చింతపండును సంతకు చేర్చినది ఎద్దుబండి మీదనే. నేడు ఆ బండి అరుదైనది. దాని స్థానమున ట్రాక్టరు, లారీ, కారు వచ్చినవి. కాని కమ్మరియు వడ్రంగియు కలసి ఆ బండిచక్రమును అమర్చునపుడు ఎదుర్కొన్న చిక్కు ఏదో, ఇంటి షెడ్డులో సొంతముగా కారు కట్టుకొనువాడు నేడు ఎదుర్కొను చిక్కు కూడ అదియే. చక్రము తిరుగవలెనన్న, దానికిని దానిని మోయు ఇరుసునకును నడుమ సందు ఉండవలెను. ఆ చక్రమును ఆపవలెనన్న, ఎక్కడనో ఒకచోట సందు మూసికొని బిగువు కలుగవలెను. ఈ రెంటిని ఒకే చక్రములో, కొద్ది అంగుళముల చోటులో ఇముడ్చుటకు మానవుడు చేసిన ప్రయత్నమే హబ్బు, బ్రేకుల చరిత్ర.

ఎద్దుబండి చెప్పిన పాఠము

బండిచక్రపు ఆకులన్నియు వచ్చి దిగబడు నడిమి బొడ్డునే యంత్రశాస్త్రమున హబ్బు అందురు. బొడ్డు రంధ్రములో ఇనుపగొట్టమును దిగగొట్టి, దాని గుండ ఇరుసును దూర్చి, చక్రము జారిపోకుండ చివర సీల వేయుదురు. గొట్టము ఇరుసును బిగియపట్టినచో చక్రము తిరుగదు. తిరిగినను రాపిడికి వేడెక్కి అరగిపోవును. సందు మిక్కిలి ఎక్కువైనచో చక్రము అటునిటు అల్లాడును. బాటలోని ప్రతి గుంటయు ఇరుసునకు ఒక సుత్తిదెబ్బ యగును. కనుక చేయితిరిగిన పనివాడు కందెన నిలుచునంత సందు మాత్రమే ఉంచును. ఆముదములో మసి కలిపిన ఆ కందెన ఇనుమును ఇనుముతో తగులనీయక వేరుచేయును. అతని వద్ద కొలబద్ద లేదు. చక్రమును పైకెత్తి చేతితో ఊపి, త్రిప్పి, చప్పుడు విని నిర్ణయించుచుండెను.

రెండవ పాఠము పట్టాది. కొయ్యచక్రము చుట్టును వేయు ఇనుప పట్టాను చక్రముకంటె కొంచెము చిన్నదిగనే చేయుదురు. పిడకల మంటలో కాల్చి ఎర్రగా చేసినపుడు అది పెరిగి చక్రము మీద దిగును. నీళ్లు పోయగనే ముడుచుకొని ఆకులను, అంచుకొయ్యలను గట్టిగా బిగించును. 1 డిగ్రీ సెంటిగ్రేడు వేడికి ఇనుము తన కొలతలో 10 లక్షలవంతులలో రమారమి 12 వంతులు పెరుగును. పట్టా అడ్డుకొలత 1,500 మి.మీ. అనియు, వేడి 500 డిగ్రీలు పెరిగినదనియు అనుకొనినచో, అడ్డుకొలతలో పెరుగుదల 9 మి.మీ. అగును. వేడికి ఇనుము పెరుగునన్న ఈ సంగతి పల్లెటూరి కమ్మరికి మేలు చేసినది. తరువాతి కాలమున బ్రేకులు కట్టినవారికి ఇదే సంగతి పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది.

మూడవ పాఠము కనుమలది. కుప్పము, పలమనేరు ప్రాంతములు సముద్రమట్టమునకు రమారమి 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. పలమనేరు నుండి చిత్తూరునకు పోవువారు మొగిలి కనుమ దిగవలెను. రెండు ఊళ్లకును ఎత్తులో 300 మీటర్లకు పైగా భేదము కలదు. పల్లమున బరువుబండి ఎద్దులను వెనుకనుండి తరుముకొని వచ్చును. అందుచే కనుమబాటల బండ్లకు చక్రముల వెనుక అడ్డముగ ఒక కొయ్యను వ్రేలాడదీసి, తాటితో బిగించి, అది పట్టాను రాచుకొనునట్లు చేయుచుండిరి. ఇదియే బ్రేకు. పాతకాలపు రైలుపెట్టెలలో ఇనుప దిమ్మె చక్రపు అంచును నొక్కునదియు ఈ ఉపాయమే.

చెప్పులు కుట్టువాని సాయము

జర్మనీదేశమున కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడుచక్రముల మోటారుబండి మొదటి కారుగా ప్రసిద్ధము. అది ఒక చిన్న కార్ఖానాలో చేతితో కట్టిన బండి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకయే, మన్‌హైం నుండి ఫోర్ట్‌సైం అను ఊరికి ఆ జాతి బండిని నడిపించుకొని పోయెను. దూరము 100 కిలోమీటర్లకు పైబడినది. కొండబాటలు దిగునపుడు కొయ్య బ్రేకుదిమ్మెలు అరగిపోయినవి. ఆమె దారిలో చెప్పులు కుట్టువాని దుకాణము వద్ద బండి నాపి, దిమ్మెలకు తోలు కొట్టించెను. అరగిపోవు భాగమును వేరుగ చేసి, అరగినపుడు దానిని మాత్రమే మార్చుకొనవచ్చునన్న ఆలోచన, అనగా నేటి బ్రేకు లైనింగు, అక్కడ పుట్టినది.

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనునతడు డెర్బీషైరు కొండలలో బండివాండ్రు తమ బ్రేకుదిమ్మెలకు పాత బూట్లు కట్టి పల్లము దిగుటను చూచెనని చెప్పుదురు. ఆ బూటు చేయు పనిని మరింత బాగుగ చేయు పదార్థము కొరకు ఆయన పాటుపడెను. 1897లో ఆయన నెలకొల్పిన సంస్థ తరువాత ఫెరోడో అను పేరుతో లోకప్రసిద్ధమైనది. 1908 నాటికి ఆయన వేడికి కాలని ఆస్బెస్టాసుతో లైనింగులు చేసెను. అవి దశాబ్దములపాటు ప్రపంచమంతట వాడుకలో ఉండెను. ఆస్బెస్టాసు ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తరువాత తేలినది. 1999లో బ్రిటను దానిని పూర్తిగా నిషేధించినది. నేడు పాత కార్ల భాగములతో పని చేయువారు పాత డ్రమ్ములలోని దుమ్మును నోటితో ఊదరాదని చెప్పుటకు కారణమిదియే.

బొడ్డు నుండి బేరింగు వరకు

బ్రేకులు ఇట్లుండగా హబ్బు వేరుదారిలో మెరుగుపడినది. 1794లో వేల్సు దేశమునకు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసునకు గుండ్ల బేరింగు అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. ఇనుము ఇనుముమీద జారుటకు బదులు, నడుమ గుండ్లు దొరలును. దొరలుటలోని రాపిడి జారుటలోని రాపిడి కంటె ఎంతో తక్కువ. కాని గుండు ఒక చుక్క వద్ద మాత్రమే తగులును గనుక బరువు మోయుటలో దానికి హద్దు కలదు. పైగా మలుపు తిరుగునపుడు చక్రము మీద ప్రక్కనుండి కూడ ఒత్తిడి వచ్చును.

అమెరికాలో బండ్లు చేయు కార్ఖానా నడిపిన హెన్రీ టింకెన్ 1898లో దీనికి పరిష్కారము కనుగొనెను. గుండ్లకు మారుగ, ఒక కొస లావుగను మరొక కొస సన్నముగను ఉండు చిన్న రోలర్లను ఏటవాలు గిన్నెలో పేర్చెను. ఇట్టి బేరింగులను రెండు, ఒకదానికొకటి ఎదురుగా హబ్బులో ఉంచినచో పైబరువును, ప్రక్క ఒత్తిడిని కూడ మోయగలవు. వీనికి మరొక సుగుణము కలదు. చివరి నట్టును బిగించిన కొలది రోలర్లు గిన్నెలోనికి పోయి సందు తగ్గును. వదులు చేసిన కొలది పెరుగును. వడ్రంగి చేతి అంచనాకు వదలిన సందు ఇప్పుడు మర చుట్టులకు లోబడినది.

ఇట్టి హబ్బును అమర్చు పద్ధతి నేటికిని ఒకటే. చక్రమును చేతితో త్రిప్పుచు రోలర్లు కుదురుకొనునట్లు నట్టును బిగించి, మరల కొంచెము వదులు చేసి, ఇరుసు వెంబడి 0.025 మొదలు 0.125 మి.మీ. వరకు ఆట మిగులునట్లు చూచి పిన్ను వేయుదురు. తల వెండ్రుక మందము రమారమి 0.07 మి.మీ. అని గుర్తుంచుకొనినచో ఈ సందు ఎంతటిదో తెలియును. ఆట లేకుండ బిగించినచో, పరుగులో హబ్బు వేడెక్కి పెరిగినపుడు రోలర్లు పట్టుకొని కాలిపోవును. కారు ఆగియున్నపుడు సరిగా కనబడినది 20 కిలోమీటర్లు పోయిన పిదప పొగ క్రక్కుట ఈ కారణము చేతనే.

డ్రమ్ములోని బ్రేకు

చక్రపు అంచును నొక్కు దిమ్మెకు రబ్బరు టైరు వచ్చిన తరువాత చోటు లేకపోయినది. దిమ్మె రబ్బరును చీల్చును. 1902లో ఫ్రాన్సు దేశీయుడు లూయీ రెనో హబ్బుతో కలసి తిరుగు ఇనుప డ్రమ్ములో, లోపలనుండి రెండు షూలు విచ్చుకొని అంచును నొక్కు బ్రేకును రూపొందించెను. దుమ్ము, బురద, వాన దానిని అంతగా బాధింపవు. ఈ విధముగ బ్రేకు చక్రపు అంచునుండి హబ్బు చెంతకు చేరినది. అది మొదలుకొని హబ్బులోని సందును, బ్రేకులోని సందును వేరుచేసి చూచుటకు వీలులేకపోయినది.

తొలికార్లకు బ్రేకులు వెనుకచక్రములకు మాత్రమే ఉండెడివి. ముందుచక్రములు మలుపునకు తిరుగవలెను గనుక వానికి బ్రేకుకడ్డీలు అమర్చుట కష్టము. కాని కారు ఆగునపుడు బరువు ముందునకు తూగును. నేలను గట్టిగా పట్టుకొని ఉండునవి ముందుచక్రములే. 1910 ప్రాంతమున స్కాట్లండులోని ఆర్గైల్, ఇటలీలోని ఇసోటా ఫ్రాస్కిని కంపెనీలు నాలుగు చక్రములకును బ్రేకులు అమర్చినవి. 1922లో బ్రిటనులో వెలువడిన ఆస్టిన్ సెవెన్ అను చౌకకారుకు సైతము నాలుగు బ్రేకులు కలవు. అయితే అందు కాలిపెడలు వెనుక బ్రేకులను, చేతిమీట ముందు బ్రేకులను లాగుచుండెను. రెంటిని కలిపినది 1930లో.

కడ్డీలతోను తీగలతోను లాగునపుడు నాలుగు చక్రములందును సమానమైన బిగువు కుదురుట కష్టము. ఒక ప్రక్క బ్రేకు ముందుగ పట్టినచో కారు ఆ ప్రక్కకు లాగును. అమెరికాలో మాల్కమ్ లోహెడ్ 1917లో పేటెంటు పొందిన ద్రవబ్రేకు ఈ చిక్కును తీర్చినది. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కిన, ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమానముగ వ్యాపించునన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారము. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రములందును ఇట్టి బ్రేకులు వచ్చినవి.

ద్రవబ్రేకులో లాభముతోపాటు చెల్లించవలసిన వెల కూడ కలదు. ఒక లెక్క చూతము. పెడలు మీట బలమును 5 రెట్లు చేయుననియు, దానిచే నెట్టబడు ముఖ్య పిస్టను వైశాల్యము 3 చ.సెం.మీ. అనియు, చక్రమునకు రెండేసి చొప్పున 8 పిస్టనులు కలిసి 40 చ.సెం.మీ. అనియు అనుకొందము. బలము రమారమి 67 రెట్లగును. కాని బలము పెరిగినంతగా దూరము తరుగును. చక్రముల వద్ద ప్రతి పిస్టను ముందున్న సందు 0.2 మి.మీ. పెరిగినచో, దానిని పూడ్చుటకు కాలు అదనముగ 13 మి.మీ. త్రొక్కవలెను. వెండ్రుకవాసి సందులు నాలుగైదు కూడినచో పెడలు నేలకు తగులును. కారు మాత్రము ఆగదు.

వేడి తెచ్చిన చిక్కు

పట్టా పెరుగుదల ఇక్కడ మరల ఎదురగును. 800 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు దానియందలి చలనశక్తి రమారమి 111 కిలోజౌళ్లు. బ్రేకు దానిని వేడిగ మార్చును. ఒక్కొక్కటి 4 కిలోల చొప్పున నాలుగు డ్రమ్ములున్నచో, ఒకమారు ఆగినందుకు వాని వేడి 14 డిగ్రీలు పెరుగును. అది అపాయము కాదు. అదే కారు 200 మీటర్ల ఎత్తును ఇంజను సాయము లేక, బ్రేకును త్రొక్కిపట్టి కనుమదారిలో దిగినదనుకొందము. అపుడు పుట్టు వేడి 1,568 కిలోజౌళ్లు. పైరీతిగ 14 మార్లు ఆగినంత. గాలికి పోవు భాగమును లెక్కింపనిచో డ్రమ్ముల వేడి దాదాపు 200 డిగ్రీలు పెరుగును.

200 మి.మీ. అడ్డుకొలత గల పోత ఇనుప డ్రమ్ము 200 డిగ్రీల వేడికి 0.44 మి.మీ. పెరుగును. అనగా ఒక్కొక్క షూ ముందు సందు 0.22 మి.మీ. అధికమగును. డ్రమ్ము షూ నుండి తొలగిపోవుచున్నది! పై లెక్కచొప్పున కాలు కనీసము 15 మి.మీ. లోతుగ త్రొక్కవలసియుండును. అదే సమయమున లైనింగు వేడెక్కి దాని పట్టు కూడ తగ్గును. కనుమ దిగు డ్రైవరు గేరు తగ్గించి ఇంజనుతో కారును ఆపుకొనుచు దిగవలెనని చెప్పుట ఇందుకే.

దీనికి విరుగుడు డిస్కు బ్రేకు. హబ్బుతో తిరుగు పళ్లెమును రెండు ప్రక్కలనుండి రెండు ప్యాడ్లు పటకారువలె నొక్కును. వేడికి పళ్లెము మందముగ పెరిగి ప్యాడ్ల వైపునకే వచ్చును. 10 మి.మీ. మందపు పళ్లెమునకు 200 డిగ్రీలలో ఆ పెరుగుదల 0.022 మి.మీ. మాత్రమే. పళ్లెము గాలికి తెరచి ఉండుటచే త్వరగా చల్లారును. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంటు పొందెను. కాని నాటి రాగి లైనింగులు చెవులు చిల్లులుపడునట్లు కీచుమనెడివి. ఆలోచన ముందు పుట్టినది; దానికి తగిన పదార్థము తరువాత వచ్చినది. 1953లో జాగ్వార్ కార్లు డన్‌లప్ డిస్కు బ్రేకులతో లమాన్ 24 గంటల పందెమును గెలిచిన పిమ్మట ఈ పద్ధతి లోకమున వ్యాపించినది. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. కారు ముందుచక్రములకు డిస్కులతో వెలువడినది.

దక్షిణదేశపు షెడ్లలో

గుడుపల్లె సీమకు పట్టణమనగా పూర్వము మద్రాసు, బెంగుళూరులే. మద్రాసులో 1840లో గుర్రపుబండ్లు చేయుటకు వెలసిన సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరికారును కట్టెను. భారతదేశమున కట్టిన మొదటి ఆవిరికారు అదియే. ఆ కంపెనీ కట్టిన ఆవిరిబస్సు బెజవాడ, బందరుల మధ్య నడచినది. గుర్రపుబండి చక్రము ఎరిగిన పనివాండ్ర చేతిమీదుగనే మోటారుచక్రము ఈ దేశమునకు వచ్చినదనుటకు ఇది నిదర్శనము.

కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడు కథ మరింత ప్రసిద్ధము. ఆయనకు పాఠశాల చదువు తక్కువ. ఒక ఆంగ్ల అధికారి మోటారుసైకిలును చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి దానిని కొనెను. నడుపుటకు ముందు దానిని ముక్కముక్కలుగ ఊడదీసి మరల బిగించి దాని మర్మము తెలిసికొనెను. 1920లో పొల్లాచి, పళనుల మధ్య ఒక బస్సుతో వ్యాపారము ప్రారంభించి, అనేక బస్సులు గల సంస్థగ పెంచెను. బస్సు నడుపువానికి బ్రేకులోని సందు రోజువారీ జమాఖర్చు వంటిది. ఒకనాడు చూడకున్నను నష్టమే. ఆయన 1937లో డి. బాలసుందరంతో కలసి దేశమున తొలి విద్యుత్ మోటారును తయారు చేసెను. 1952లో ఇద్దరు కూర్చుండు పెట్రోలు కారును 2,000 రూపాయల వెలకు ఈయగల విధమున రూపొందించెను. దానిని ఉత్పత్తి చేయుటకు ప్రభుత్వానుమతి లభింపలేదు. ఆయన 1974లో మరణించెను. 2015లో కోయంబత్తూరున తెరచిన జీడీ కార్ల ప్రదర్శనశాల ఆయన పేరును నిలుపుచున్నది.

తెలుగుదేశమున సొంతముగ కార్లు కట్టుటలో పేరుపొందినవాడు హైదరాబాదునకు చెందిన కె. సుధాకర్. వంకాయ, కాలిబంతి, కెమెరా, క్రికెట్ బ్యాటు ఆకారములతో, పాత సామాను దుకాణముల భాగములతో ఆయన కట్టిన కార్లు నిజముగ నడచును. 2005లో 41 అడుగులకు మించిన ఎత్తు గల ముచ్చక్ర సైకిలును కట్టి గిన్నిస్ పుస్తకమునకు ఎక్కెను. 2010లో బహదూర్‌పురా వద్ద సుధా కార్ల ప్రదర్శనశాల వెలసినది. పైతొడుగు వంకాయ కావచ్చును, బంతి కావచ్చును. లోపలి హబ్బు మాత్రము హబ్బువలెనే ఉండవలెను. ఆ సందుకు ఆకారముతో పనిలేదు.

ఇంటిలో కట్టిన కారునకు వచ్చు చిక్కులు

ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ అను విద్యార్థి 1948లో ఒక ఇంటి వెనుకటి షెడ్డులో పాత ఆస్టిన్ సెవెన్ భాగములతో పందెపుకారు కట్టెను. లోటస్ కార్లకు అదియే మూలము. 1957లో ఆయన వెలువరించిన లోటస్ సెవెన్ కారును విడిభాగములుగ కొని ఇంటివద్ద బిగించుకొనవచ్చును. 1996లో రాన్ చాంపియన్ అను ఆంగ్ల ఉపాధ్యాయుడు 250 పౌండ్లతో అటువంటి కారు కట్టుకొనుటెట్లో వివరించుచు ఒక గ్రంథము ప్రకటించెను. నాటినుండి వేలాదిమంది ఈ పనికి పూనుకొనిరి.

పెద్ద కార్ఖానాలో చక్రము, హబ్బు, బ్రేకు ఒకదానికొకటి సరిపడునట్లు ఒకే కాగితముమీద గీయబడును. ఇంటిలో కట్టువాడు ఒక కారు నుండి హబ్బును, మరొక దాని నుండి బ్రేకును, వేరొక చోటినుండి చక్రమును తెచ్చును. మూడింటికి పరిచయమే లేదు. అందుచే నూరేండ్ల చరిత్రలోని చిక్కులన్నియు అతనికి ఒక వారములోనే ఎదురుపడును.

మొదటిది, డిస్కును పట్టు కాలిపరు చక్రపు రిమ్ము లోపలితట్టున తగులుట. 13 అంగుళముల రిమ్ము లోపల, కాలిపరు ఉండుచోట, అడ్డుకొలత 290 మి.మీ. అనుకొందము; అనగా నడిమినుండి 145 మి.మీ. బాగుగ ఆగవలెనను ఆశతో 256 మి.మీ. డిస్కును తెచ్చినచో దాని అంచు నడిమినుండి 128 మి.మీ. దూరమున ఉండును. కాలిపరు డిస్కు అంచును దాటి 25 మి.మీ. పైకి వచ్చును. కావలసినది 153, ఉన్నది 145, 8 మి.మీ. చాలదు. కాలిపరును ఆకురాతితో అరగదీయుట ప్రాణముతో చెలగాటము. ద్రవపు ఒత్తిడిని ఓర్చుకొనునది ఆ గోడయే. మార్గములు రెండే. 14 అంగుళముల చక్రము వేసినచో చోటు 12.7 మి.మీ. పెరిగి, 4.7 మి.మీ. సందు మిగులును. లేదా 13 అంగుళముల చక్రమునే ఉంచి, డిస్కును 234 మి.మీ.లకు తగ్గించినచో 3 మి.మీ. సందు దొరకును. రిమ్ము వంగుటకు, చిన్నరాయి ఇరుకుటకు అవకాశముండుటచే కనీసము ఈ 3 మి.మీ. వదలుట వాడుక.

ఈ సందును కొలుచుటకు ఒక సులభోపాయము కలదు. కాలిపరు మీద మెత్తని బంకమన్ను ముద్దను అంటించి, చక్రమును బిగించి, చేతితో మెల్లగ ఒక చుట్టు త్రిప్పవలెను. చక్రమును తీసి, నొక్కుకొన్న మన్నును బ్లేడుతో కోసి దాని మందము కొలిచినచో అదియే సందు. చక్రము పూర్తిగా మలిగియున్నపుడును, స్ప్రింగు పూర్తిగా అణగియున్నపుడును టైరు మరిదేనికైన తగులునేమో వేరుగ చూచుకొనవలెను.

రెండవది, కాలిపరు చక్రపు ముఖమునకు తగులుట. ఇందుకు హబ్బునకు చక్రమునకు నడుమ బిళ్ల వేయుట అందరికి తోచు ఉపాయము. 10 మి.మీ. బిళ్ల వేసినచో స్టడ్డు మరలలో నట్టు పట్టునది 10 మి.మీ. తగ్గును. 12 మి.మీ. స్టడ్డునకు నట్టు కనీసము 12 మి.మీ. మేర పట్టవలెను, కావున పొడుగాటి స్టడ్డులు తప్పవు. చక్రమును సరిగా నడిమికి నిలుపు హబ్బు గట్టు బిళ్లలో మునిగిపోవును గనుక బిళ్లకే కొత్తగట్టు చేయించవలెను. చక్రము వెలుపలికి జరిగిన కొలది బేరింగులపై మీటబలము పెరుగునన్నది మరువరాదు.

మూడవది తేలికగ కంటికి కనబడనిది. హబ్బు బేరింగులో ఆట ఎక్కువైనచో మలుపులో డిస్కు వంగును. రెండు బేరింగుల నడిమి దూరము 50 మి.మీ. అనియు, అంత మేరలో వంపు 0.1 మి.మీ. అనియు అనుకొనినచో, నడిమినుండి 120 మి.మీ. దూరమున ఉన్న డిస్కు అంచున అది 0.24 మి.మీ. అగును. అంత మేర డిస్కు ఒక ప్రక్క ప్యాడును వెనుకకు నెట్టివేయును. నాలుగు చక్రములందును ఒక్కొక్క పిస్టను ఇట్లు వెనుకకు పోయినచో, మలుపు దాటి బ్రేకు త్రొక్కినపుడు పెడలు 8 మి.మీ. ఊరక దిగిపోవును. రెండవసారి త్రొక్కిన సరిగా పట్టును. కట్టినవాడు గొట్టములలో గాలి చేరినదని భ్రమించి ద్రవమును మరల మరల తీసి పోయుచుండును. తప్పు బ్రేకులో లేదు. హబ్బు నట్టు వద్ద ఉన్నది. బ్రేకు చెడినదని తోచినపుడు ముందుగ చక్రమును పైకెత్తి, మీదను క్రిందను పట్టి ఊపి చూడవలెనను నియమము ఇందుచేతనే వచ్చినది. గుడుపల్లె బండికి వడ్రంగి చేసిన పరీక్షయు ఇదియే.

పరీక్ష లేనిదే బాట ఎక్కరాదు

సొంతముగ కట్టిన కారు విఫలమైనచో కట్టినవాడు ఒక్కడే దెబ్బతినడు. ఎదుట నడచువాడు కూడ దెబ్బతినును. మోటారువాహనముల నమూనాలను పూణేలోని ఆటోమోటివ్ రిసెర్చ్ అసోసియేషన్ వంటి సంస్థలు పరీక్షించి ఒప్పుకొననిదే తయారీదారులు వానిని అమ్మరాదని కేంద్ర నియమములు చెప్పుచున్నవి. రిజిస్టరైన వాహనపు కట్టుబడిని ఇష్టము వచ్చినట్లు మార్చుటను 1988 మోటారువాహనముల చట్టము నిషేధించినది. బాట ఎక్కనీయని కారును కట్టి నేర్చుకొనుటకు వేరు చోట్లు కలవు. 2007 నుండి జరుగుచున్న బాహా పోటీలలో ఇంజనీరింగు విద్యార్థులు తమ కళాశాల షెడ్లలోనే బండ్లు కట్టి తెత్తురు. పందెమునకు ముందు బ్రేకు పరీక్ష కలదు. త్రొక్కినపుడు నాలుగు చక్రములును బిగిసి నిలువవలెను. ఒక చక్రము తిరిగినను ఆ బండి పందెమునకు పోరాదు. నెలల తరబడి చేసిన కష్టము ఒక హబ్బు నట్టు వద్దనో, ఒక ప్యాడు వద్దనో ఆగిపోయిన విద్యార్థికి, యంత్రశాస్త్రమున ఇంజను బలము కంటె ముందు నేర్వవలసినది ఏదో తెలియును.

నేటికిని పల్లెబాటలలో బ్రేకులు లేని ట్రాక్టరు ట్రైలర్లు బరువులు మోయుచునే ఉన్నవి. పల్లమున ట్రైలరు ట్రాక్టరును నెట్టుకొని వచ్చుట, పూర్వము బండి ఎద్దులను తరుముకొని వచ్చుట వంటిదే. కనుమ దిగు బండికి అడ్డకొయ్య కట్టినవారికి ఆ సంగతి తెలియును. వెల్డింగు షెడ్డులో బండి కట్టు యువకుడు మొదట బిగింపవలసినది ఇంజను కాదు. నాలుగు హబ్బులను, నాలుగు బ్రేకులను అమర్చి, చక్రము చేతితో త్రిప్పిన తేలికగ తిరుగుచున్నదా, పెడలు త్రొక్కిన గట్టిగ ఆగుచున్నదా అని చూచి, సందులన్నిటిని కొలిచి కాగితము మీద వ్రాసికొని, అటుపిమ్మట ఇంజను మాట తలపెట్టవలెను.